పౌర్ణమి రాత్రి వలయం గీసి: విక్కా వాళ్ల చంద్ర క్రతువుల్లో అసలేం జరుగుతుంది?

2023 ఆగస్టు ఆఖర్లో మా పిన్ని కూతురు డాలస్ నుంచి ఫోన్ చేసింది. "అన్నయ్యా, రాఖీ ముప్పయ్యా, ముప్పై ఒకటా?" అన్నది మొదటి ప్రశ్న. రెండోది ఇంకాస్త చిక్కుది. పక్కింటావిడ ఆ పౌర్ణమి రాత్రి పెరట్లో నలుగురు స్నేహితురాళ్లతో 'మూన్ సర్కిల్' పెట్టుకుంటోందట, నువ్వూ రమ్మని పిలిచిందట. ఆవిడది విక్కా మతం. "వెళ్లొచ్చా? అది మన సత్యనారాయణ వ్రతం లాంటిదా, చేతబడి లాంటిదా?"

రెండూ కాదని చెప్పడానికి అరగంట పట్టింది. బ్లూ మూన్ అనో సూపర్ మూన్ అనో వార్త వచ్చిన ప్రతిసారీ ఇలాంటి ప్రశ్నలు మళ్లీ లేస్తాయి. ఫోన్ తెరిస్తే చాలు, వెన్నెట్లో నీళ్ల సీసా పెట్టేవాళ్లు, కాగితం మీద కోరిక రాసి కాల్చేవాళ్లు, ఉప్పుతో గిరి గీసేవాళ్లు కనిపిస్తారు. వీటిలో ఏది విక్కాది, ఏది రీళ్ల కోసం పుట్టింది, ఏది వెయ్యేళ్ల నాటిది, ఏది మొన్నటిది అన్నవి ఒకదాన్నుంచి ఒకటి విడదీసి చూడాల్సినవి.

ముందు ఆ మాట సంగతి

విక్కా ఇంగ్లండ్‌లో 1940, 50 దశకాల్లో రూపు కట్టిన మతం. దాన్ని లోకానికి చూపించినవాడు జెరాల్డ్ గార్డ్‌నర్ (1884–1964). మలయాలో బ్రిటిష్ కస్టమ్స్ ఉద్యోగం చేసి రిటైరై స్వదేశం చేరినవాడు. న్యూ ఫారెస్ట్ ప్రాంతంలో రహస్యంగా మిగిలి ఉన్న ఒక బృందం 1939లో తనకు దీక్ష ఇచ్చిందని చెప్పుకున్నాడు. 1735 నాటి విచ్‌క్రాఫ్ట్ చట్టాన్ని బ్రిటన్ 1951లో రద్దు చేశాక ధైర్యంగా బయటికొచ్చి 1954లో పుస్తకం రాశాడు. అక్కణ్నుంచి ఈ మతం అమెరికాకు, ఆస్ట్రేలియాకు పాకింది.

వాళ్లు తమను 'విచ్' అనే పిలుచుకుంటారు, మగవాళ్లు కూడా. విక్కా అన్న మాటే పాత ఇంగ్లిష్‌లో మగ మాంత్రికుణ్ణి సూచించే పదం. అప్పట్లో దాన్ని 'విచ్చా' అనేవారు. తెలుగులో చిక్కు ఇక్కడే మొదలవుతుంది. విచ్ అనగానే మనం 'మంత్రగత్తె' అని రాసేస్తాం. ఆ మాట మన ఊళ్లలో ఎవరూ తమ గురించి తాము చెప్పుకునేది కాదు, పక్కవాళ్లు వేసే నింద. చేతబడి చేసిందన్న అనుమానంతో మనిషిని కొట్టి చంపిన వార్తలు తెలుగు పత్రికల్లో ఇప్పటికీ వస్తున్నాయి. ఇలాంటి నిందలను ఆపడానికే బిహార్ 1999లో, జార్ఖండ్ 2001లో ప్రత్యేక చట్టాలు చేసుకున్నాయి. అక్కడ ఎవరో అంటించిన ముద్రను, ఇక్కడ ఎవరో కోరి పెట్టుకున్న పేరును ఒకే మాటతో పిలిస్తే రెండూ అర్థం కావు. అందుకే ఈ వ్యాసంలో 'విక్కా వాళ్లు' అనే అంటాను.

విక్కాకు కేంద్ర పీఠం లేదు, అందరూ ఒప్పుకునే ఒకే గ్రంథం లేదు. ఎక్కువమంది ఒక దేవిని, కొమ్ములున్న ఒక దేవుణ్ణి కొలుస్తారు. 'ఎవరికీ హాని చేయనంతవరకు నీకు తోచినట్టు చెయ్యి' అన్నది వాళ్ల నీతి. సైతాను వాళ్ల లెక్కలోనే లేడు. ఆ పాత్ర క్రైస్తవానిదని, తమకు సంబంధం లేదని అంటారు. బృందాన్ని 'కవెన్' అంటారు, సంప్రదాయం ప్రకారం 13 మందికి మించదు. కవెన్ లేకుండా ఒక్కరే చేసుకునేవాళ్లూ బోలెడంతమంది.

సబ్బాట్ పండగ, ఎస్బాట్ నెలవారీ పని

విక్కా ఏడాదిలో రెండు గడియారాలు తిరుగుతాయి. ఒకటి సూర్యుడిది. సంక్రాంతుల్లాంటి ఎనిమిది పండగలు, వాటిని సబ్బాట్లు అంటారు. అక్టోబరు 31 నాటి 'సావిన్', మే 1 నాటి 'బెల్టేన్', రాత్రీపగలూ సమానమయ్యే రోజులు, అతి పొడవైన పగలు, అతి పొడవైన రాత్రి వగైరా. రెండోది చంద్రుడిది. నెలకోసారి, ఎక్కువగా పౌర్ణమికి జరిగే కూడిక. దాని పేరు 'ఎస్బాట్'.

సబ్బాట్ ఊరందరి పండగ లాంటిది, కొత్తవాళ్లను, బంధువులను పిలుస్తారు. ఎస్బాట్ ఇంట్లో వాళ్ల మధ్య జరిగేది. ఎవరికి జబ్బు చేసింది, ఎవరికి ఉద్యోగం పోయింది, ఎవరికి దీక్ష ఇవ్వాలి అన్న మాటలు అక్కడే వస్తాయి. మంత్ర ప్రయోగం అంటూ చేస్తే ఎక్కువగా అక్కడే చేస్తారు.

ఎస్బాట్ అన్న మాటకు వేరు ఫ్రెంచిలో ఉంది, సరదాగా గడపడం అని అర్థం. దాన్ని ఇంగ్లిష్ పాఠకులకు పరిచయం చేసింది మార్గరెట్ మరే అనే ఈజిప్టు చరిత్ర నిపుణురాలు, 1921లో. ఆమె లెక్కలో ఎస్బాట్‌కూ పౌర్ణమికీ ముడి లేదు. అది ఊరి మంత్రగత్తెలు అవసరమైనప్పుడల్లా కలుసుకునే సమావేశం. పౌర్ణమి ముడి వేరే చోటినుంచి వచ్చింది. 1899లో చార్ల్స్ లీలండ్ అనే అమెరికన్, ఇటలీ మంత్రగత్తెల నుంచి సేకరించానంటూ ఒక పుస్తకం అచ్చువేశాడు. నెలకోసారి, చంద్రుడు నిండుగా ఉన్నప్పుడు, రహస్యమైన చోట కలుసుకోండని అందులో చంద్రదేవత డయానా కూతురు తన భక్తులతో చెబుతుంది. ఎస్బాట్ అన్న మాట మార్గరెట్ మరే ఇచ్చింది, తిథి లీలండ్ ఇచ్చాడు. రెండింటినీ కుట్టింది విక్కా.

పౌర్ణమి ఏ రోజు? మన పంచాంగం ఇక్కడ పనికొస్తుంది

మా చెల్లెలి మొదటి ప్రశ్నకూ రెండో ప్రశ్నకూ మూలం ఒకటే. 2023 ఆగస్టులో పౌర్ణమి తిథి మన సమయం ప్రకారం 30న ఉదయం సుమారు 11కు మొదలై, 31న ఉదయం 7.05కు ముగిసింది. పాశ్చాత్య క్యాలెండర్లు 'ఫుల్ మూన్' అని ఒక క్షణాన్ని అచ్చువేస్తాయి. ఆ నెల అది గ్రీనిచ్ సమయం ప్రకారం 31న 1.35. మన సమయంలోకి మార్చి చూడండి, 7.05. పౌర్ణమి తిథి ముగిసే క్షణమే వాళ్ల ఫుల్ మూన్. సూర్యచంద్రులు భూమికి సరిగ్గా చెరోవైపు నిలిచే క్షణం అది. మనం ఆ క్షణానికి ముందున్న 12 డిగ్రీల దూరాన్నంతా పౌర్ణమి అంటాం, వాళ్లు చివరి బిందువును మాత్రమే అంటారు.

ఆ క్షణానికి డాలస్‌లో 30వ తేదీ రాత్రి 8.35. కాబట్టి పక్కింటావిడ సర్కిల్ 30 రాత్రే. హైదరాబాద్‌లో తమ్ముడికి 31 తెల్లవారుజామున రాఖీ కట్టించుకోమని పిన్ని చెప్పిన పూట, అక్కడ డాలస్‌లో చెల్లెలికి 30 సాయంత్రమే. విక్కా వాళ్లు దీనిమీద పెద్దగా పట్టింపు పెట్టుకోరు. నిండు క్షణానికి ఒక రోజు ముందూ ఒక రోజు వెనకా పనికొస్తుందని, అందరికీ సెలవు దొరికే శనివారానికి జరుపుకునేవాళ్లూ ఉంటారు. క్షణం దాటితే చంద్రుడు తరుగుతున్నట్టే కాబట్టి ముందు రాత్రే మేలనేవాళ్లు ఇంకొందరు. తిథి ద్వయం గొడవ మనకొక్కరికే లేదన్నమాట.

ఇక 13వ చంద్రుడి సంగతి. పౌర్ణమి నుంచి పౌర్ణమికి సగటున 29.53 రోజులు. ఏడాదికి 12 పౌర్ణములు పోగా దాదాపు 11 రోజులు మిగులుతాయి. ఆ మిగులు పేరుకుని రెండు మూడేళ్లకోసారి 13వ పౌర్ణమి అవుతుంది. మనం దానికి అధిక మాసం పెట్టుకున్నాం, ఇంగ్లిష్ వాళ్లు బ్లూ మూన్ అన్నారు. అయితే రెండూ ఎప్పుడూ ఒకే చంద్రుడి మీద పడవు. 2023 ఆగస్టులో రెండు పౌర్ణములు: 1న అధిక శ్రావణ పౌర్ణమి, 31న నిజ శ్రావణ పౌర్ణమి. వాళ్లు రెండోదాన్ని బ్లూ మూన్ అన్నారు, అంటే మన రాఖీ పౌర్ణమిని. మనం అదనం అనుకున్నది మొదటిది. 2026 మేలో మాత్రం లెక్కలు కలుస్తాయి. 1న వైశాఖ పౌర్ణమి, 31న అధిక జ్యేష్ఠ పౌర్ణమి. ఇద్దరి అదనపు చంద్రుడూ ఆ 31 నాటి చంద్రుడే.

ఒకే నెలలో రెండోది బ్లూ మూన్ అన్న నియమం కూడా 1946లో ఒక ఖగోళ పత్రికలో దొర్లిన పొరపాటు నుంచి స్థిరపడింది. అమెరికాలో మెయిన్ రాష్ట్రపు పాత రైతు పంచాంగం ప్రకారం ఒక ఋతువులో మూడుకు బదులు నాలుగు పౌర్ణములు వస్తే వాటిలో మూడోది బ్లూ మూన్. ఆ లెక్కన 2026 మే 31 బ్లూ మూన్ కానే కాదు, ఆ వసంతంలో పడేవి మూడే. విక్కా వాళ్లలో చాలామంది ఈ అదనపు పౌర్ణమికి ప్రత్యేక శక్తి ఉందంటారు. ఏ లెక్క ప్రకారమని అడిగితే మాత్రం సంభాషణ కాస్త నెమ్మదిస్తుంది.

వలయం లోపల

ఇప్పుడు ఒక మామూలు ఎస్బాట్‌లోకి వెళ్దాం. కవెన్‌ను బట్టి తేడాలున్నా గార్డ్‌నర్ పద్ధతిలోని చట్రం చాలాచోట్ల కనిపిస్తుంది.

ఎవరింట్లోనో సోఫాలు గోడకు జరిపేస్తారు. మధ్యలో చిన్న బల్ల, అదే పీఠం. దానిమీద కొవ్వొత్తులు, ధూపం, ఒక గిన్నెలో నీళ్లు, ఇంకో గిన్నెలో ఉప్పు, ఒక పాత్రలో వైన్, నల్ల పిడి ఉన్న కత్తి. ఈ కత్తిని 'అథామే' అంటారు. దీంతో నిమ్మకాయ కూడా కోయరు. ఏదైనా కోయాల్సి వస్తే దానికి తెల్ల పిడి కత్తి వేరే ఉంటుంది. అథామే చూపుడువేలు లాంటిది, శక్తి ఎటు వెళ్లాలో చూపడానికి మాత్రమే.

పూజారిణి కత్తి మొనను నీళ్లలో ముంచి శుద్ధి మంత్రం చెబుతుంది. తర్వాత మొన ఉప్పుకు తాకించి, మూడు చిటికెల ఉప్పు నీళ్లలో వేసి కలుపుతుంది. ఆ నీళ్లు గదంతా చల్లుతారు. మన ఇంట్లో పురోహితుడు మామిడాకుతో చల్లే పుణ్యాహవాచనం నీళ్లు గుర్తొస్తే తప్పులేదు, పని అదే. తర్వాత కత్తి చాపి గది చుట్టూ నడిచి వలయం గీస్తుంది. సంప్రదాయం ప్రకారం దాని వ్యాసం 9 అడుగులు. నడక కుడివైపుగా, మనం గుడి చుట్టూ తిరిగినట్టే. దాన్ని 'డియోసిల్' అంటారు. ఎదురు తిరగడం 'విడ్డర్‌షిన్స్'.

ఈ వలయం గురించి ఒక ముఖ్యమైన తేడా చెప్పాలి. పాత యూరప్ మాంత్రికుల పుస్తకాల్లో వలయం గీసేది బయటి భూతాలు లోపలికి రాకుండా. విక్కాలో వలయం ప్రధానంగా లోపల పుట్టించిన శక్తి బయటికి పోకుండా. సీతమ్మ చుట్టూ గీసిన లక్ష్మణరేఖ మొదటి రకం. విక్కా వలయం పొయ్యి మీద మూత లాంటిది. మధ్యలో ఎవరైనా బయటికి వెళ్లాల్సి వస్తే కత్తితో గాల్లో తలుపు 'కోసి', వాళ్లు దాటాక మళ్లీ మూస్తారు.

తర్వాత నాలుగు దిక్కులను పిలుస్తారు. తూర్పు గాలికి, దక్షిణం నిప్పుకు, పడమర నీటికి, ఉత్తరం మట్టికి. ఈ అమరిక ఇంగ్లండ్ భూగోళంలోంచి చూస్తే కుదురుతుంది: ఎండ దక్షిణాన, సముద్రం పడమర. ఆస్ట్రేలియాలో సూర్యుడు ఉత్తరం మీదుగా వెళ్తాడు కాబట్టి అక్కడి విక్కా వాళ్లలో చాలామంది నిప్పును ఉత్తరానికి మార్చారు, వలయాన్ని అటునుంచి తిరుగుతారు, పండగల తేదీలను ఆరు నెలలు పక్కకు జరిపారు. మార్చకూడదనేవాళ్లూ ఉన్నారు. మతం ఊరు మారినప్పుడు ఏది మతం, ఏది ఊరు అన్న ప్రశ్న ఇంత స్పష్టంగా కనబడేది అరుదు.

బట్టల సంగతి అందరూ అడుగుతారు, కాబట్టి దాటవేయను. గార్డ్‌నర్ కవెన్ లండన్‌కు ఉత్తరాన బ్రికెట్ వుడ్‌లో, ఒక న్యూడిస్ట్ క్లబ్ స్థలంలో కలిసేది. క్రతువు నగ్నంగా చేయాలన్నది ఆయన పద్ధతి. దానికి వాడే మాట 'స్కైక్లాడ్', ఆకాశమే వస్త్రం. మన దిగంబరం అన్న పదానికి అక్షరాలా అదే అర్థం. గార్డ్‌నర్ సంప్రదాయపు కవెన్లు ఇప్పటికీ ఆ పద్ధతి పాటిస్తాయి. మిగతా వాళ్లు ఎక్కువగా వదులు అంగీలు వేసుకుంటారు, లేదా మామూలు బట్టల్లోనే వస్తారు. పెరట్లో జరిగే డాలస్ సర్కిళ్లకు దోమల బెడద అదనం.

చంద్రుణ్ణి దించడం

ఎస్బాట్‌కు గుండెకాయ ఈ ఘట్టమే. ఇంగ్లిష్‌లో 'డ్రాయింగ్ డౌన్ ద మూన్' అంటారు. ప్రధాన పూజారిణి పీఠం ముందు చేతులు గుండెల మీద కట్టుకుని నిలబడుతుంది. పూజారి ఆమె ఎదుట మోకరిల్లి, దేవిని ఆమెలోకి రమ్మని ఆహ్వానిస్తాడు. ఆమె చేతులు చాపుతుంది. ఆ క్షణం నుంచి మాట్లాడేది ఆమె కాదు, దేవి.

మనకు ఇది వింత కాదు. సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి బోనాల మర్నాడు పచ్చికుండ మీద నిలబడి రంగం చెప్పే స్త్రీ మాటను లక్షలమంది అమ్మవారి మాటగానే వింటారు. పోలిక అక్కడిదాకా సరిపోతుంది. రంగంలో వచ్చేది భవిష్యవాణి, వానల గురించి, పంటల గురించి. విక్కాలో సాధారణంగా వచ్చేది ముందే కుదిరిన ఒక ప్రవచనం. దాన్ని 'చార్జ్' అంటారు, దేవి తన భక్తులకు ఇచ్చే ఆదేశం. గార్డ్‌నర్ దగ్గరున్న పాఠంలో లీలండ్ వాక్యాలు, అలిస్టర్ క్రౌలీ అనే ఇంగ్లిష్ మాంత్రికుడి రాతలు కలిసి ఉన్నాయని 1953లో దీక్ష తీసుకున్న డోరీన్ వాలియంటే పసిగట్టింది. క్రౌలీకి చెడ్డపేరు ఎక్కువ, ఇది మనకొద్దని చెప్పి, ఆమే కొత్తగా రాసింది. ఇవాళ వాడుకలో ఉన్న పాఠం చాలావరకు ఆమెదే. విక్కాలో సాహిత్యం అని చెప్పదగ్గది ఏదైనా ఉంటే అదే అని నా అభిప్రాయం.

పూజారిణిలోకి నిజంగా ఎవరైనా వస్తారా? దీనిమీద విక్కా వాళ్లలోనే మూడు దారులున్నాయి. దేవి బయట ఉన్న శక్తి, నిజంగానే వస్తుందని కొందరంటారు. మన మనసు లోతుల్లో ఉన్న స్త్రీ మూర్తే మేల్కొంటుందని ఇంకొందరు. ఈ ప్రశ్నకు జవాబు అక్కర్లేదు, చేస్తే తెలుస్తుందని మిగతావాళ్లు. మూడో రకం వాళ్లే ఎక్కువసేపు కబుర్లు చెబుతారు.

'చంద్రుణ్ణి దించడం' అన్న మాట మాత్రం నిజంగా పాతది. క్రీస్తు పూర్వం 5వ శతాబ్దంలో అరిస్టోఫనీస్ నాటకంలో అప్పులపాలైన ముసలాయనకు ఒక ఉపాయం తడుతుంది. గ్రీసులోని థెస్సలీ ప్రాంతపు మంత్రగత్తెతో చంద్రుణ్ణి దింపించి పెట్టెలో పెట్టేస్తే నెల మారదు, నెల మారకపోతే వడ్డీ కట్టక్కర్లేదు! గ్రీకులు ఆకాశంలోంచి చంద్రుణ్ణి లాగడం గురించి మాట్లాడారు. విక్కా వాళ్లు దేవిని మనిషిలోకి పిలవడం గురించి మాట్లాడతారు. మాట పాతదే, క్రతువు కొత్తది.

తర్వాత కవెన్ పనిలోకి దిగుతుంది. చేతులు పట్టుకుని వలయంలో తిరుగుతూ, పాడుతూ, వేగం పెంచి, ఒక్కసారిగా ఆపేస్తారు. అప్పుడు పైకి లేచే శక్తి శంఖువు ఆకారంలో ఉంటుందని భావన. ఆస్పత్రిలో ఉన్న ఒక సభ్యురాలి తల్లి కోలుకోవాలనో, ఇంకొకరికి ఇల్లు దొరకాలనో దాన్ని పంపుతారు. చివర్లో ఒకరు వైన్ పాత్ర పట్టుకుంటే ఇంకొకరు కత్తి మొన అందులో ముంచుతారు, స్త్రీపురుష తత్వాల కలయికకు గుర్తుగా. నెలవంక ఆకారంలో చేసిన చిన్న కేకులు పంచుతారు. నెలవంక కేకులు కూడా లీలండ్ పుస్తకంలోవే. దిక్కులకు వీడ్కోలు చెప్పి వలయం విప్పేస్తారు. తర్వాత అందరూ తెచ్చిన వంటలు తింటూ రాత్రి పొద్దుపోయేదాకా కూర్చుంటారు.

పెరిగే చంద్రుడు, తరిగే చంద్రుడు

చంద్రుడు పెరిగేటప్పుడు రావాల్సినవి, తరిగేటప్పుడు పోవాల్సినవి. విక్కా పంచాంగం మొత్తం ఈ రెండు ముక్కల్లో ఉంది. శుక్లపక్షంలో కొత్త పనులు, కృష్ణపక్షంలో వదిలించుకోవడాలు. పౌర్ణమికి అన్నీ.

ఉద్యోగం కావాల్సిన అమ్మాయి ఉందనుకుందాం. చంద్రుడు పెరిగే రోజుల్లో 'మంచి ఉద్యోగం రావాలి' అని కోరుకుంటూ ఆకుపచ్చ కొవ్వొత్తి వెలిగిస్తుంది. ఇంటర్వ్యూ కృష్ణపక్షంలో పడిందా, కోరిక తిరగేస్తుంది: 'ఇంటర్వ్యూ అంటే నాకున్న భయం పోవాలి'. ఏ పక్షానికైనా ఏదో ఒక మాట దొరుకుతుంది కదా అని మీరు నవ్వొచ్చు. విక్కా వాళ్లూ నవ్వుతారు. కోరికను రెండువైపుల నుంచీ చూడటమే అసలు సాధన అని చెప్పేవాళ్లు వాళ్లలో ఉన్నారు.

'న్యూ మూన్' దగ్గర ఒక అయోమయం ఉంది. ఖగోళశాస్త్రంలో అది మన అమావాస్య. పాత వాడుకలో అది తొలిసారి కంటికి కనబడే నెలవంక, మన నెలపొడుపు. అందుకే చాలామంది విక్కా వాళ్లు చంద్రుడు కనబడని రాత్రులను 'డార్క్ మూన్' అని విడిగా పిలుస్తారు. ఆ రాత్రి గ్రీకుల హెకటీ దేవిది, మౌనానిది, కొందరికి సెలవు. నెలవంక కనబడ్డాకే కొత్త పని. మన క్యాలెండర్ చూసి వాళ్ల న్యూ మూన్‌ను అమావాస్యతో సమానం చేస్తే, ఒక్కోసారి రెండు రోజుల తేడా వస్తుంది.

కన్య, తల్లి, వృద్ధ అనే ముగ్గురమ్మల రూపం కూడా చంద్ర కళల మీదే అల్లారు. ఆ త్రిమూర్తిని ఇవాళ్టి రూపంలో స్థిరపరిచింది 1948లో రాబర్ట్ గ్రేవ్స్ అనే కవి. పాత దేవతల్లో ముగ్గురు ముగ్గురుగా ఉన్నవాళ్లు లేకపోలేదు గానీ, ఈ ముగ్గురినీ ఒకే స్త్రీ వయసులుగా, చంద్రుడి దశలుగా చదవడం కవి చేసిన పని.

చంద్రుడు శరీరంలోని నీటిని లాగుతాడు కాబట్టి క్రతువు పనిచేస్తుందన్న వాదన తరచూ వినబడుతుంది. సముద్రపు పోటు సంగతి మన మత్స్యకారులను అడిగితే చాలు: పెద్ద పోటు పౌర్ణమికే కాదు, అమావాస్యకూ వస్తుంది. ఆ లెక్కన రెండు రోజులూ ఒకేలా లాగాలి, ఒకటి నింపడానికీ ఇంకొకటి వదిలించుకోవడానికీ కుదరదు. పైగా గ్లాసుడు నీళ్ల మీద ఆ ఆకర్షణలో తేడా లెక్కలోకి రానంత చిన్నది. కళలకు అర్థం ఇచ్చేది భౌతికశాస్త్రం కాదు, పోలిక. ఆలోచించే విక్కా వాళ్లు ఇదే చెబుతారు.

ఇదంతా ఎంత పాతది?

గార్డ్‌నర్ చెప్పిన కథ ప్రకారం ఇది క్రైస్తవానికి ముందునుంచీ దాగి బతికిన మతం. మార్గరెట్ మరే సిద్ధాంతం దీనికి ఊతం. మంత్రగత్తెలని కోర్టుల్లో విచారించినవాళ్లు నిజంగానే పాత మతస్థులని ఆమె వాదించింది. ఆమె విచారణ పత్రాల్లో తనకు కావాల్సిన ముక్కలే ఏరుకుందని తర్వాతి చరిత్రకారులు చూపించారు. 1999లో రోనాల్డ్ హటన్ అనే చరిత్రకారుడు విక్కా మూలాలను వరసగా తవ్వి, ఇది 20వ శతాబ్దపు ఇంగ్లండ్ సృష్టి అని తేల్చాడు. పంతొమ్మిదో శతాబ్దపు కవిత్వం, ఫ్రీమేసన్ల దీక్షలు, మాంత్రిక సంఘాల క్రతువులు, జానపద సాహిత్యం అన్నీ అందులో కలిసి ఉన్నాయి. అప్పట్లో 90 లక్షల మంది మంత్రగత్తెలను కాల్చారన్న అంకెకూ ఆధారం లేదు. చరిత్రకారుల అంచనా 40 వేల నుంచి 60 వేలు. అది తక్కువేం కాదు.

హటన్ వాదాన్ని ఒప్పుకోనివాళ్లూ ఉన్నారు. జానపద వైద్యుల, మంత్రం వేసే ఊరి పెద్దల ఆచారాలు తెగకుండా వచ్చాయని, ఆయన వాటికి తక్కువ విలువ ఇచ్చాడని వాళ్ల మాట. విచిత్రమేమిటంటే, విక్కా వాళ్లలో చాలామంది హటన్‌ను ఆదరంగా చదివారు. మా మతం వయసు డెబ్బై ఏళ్లయితే ఏమిటి అని వాళ్ల ప్రశ్న. శుక్రవారం సంతోషిమాత వ్రతం 1975 తర్వాత ఒక సినిమాతో దేశమంతా పాకింది, దాన్ని నమ్మేవాళ్లకు ఆ తేదీ అడ్డం కాలేదు.

న్యాయస్థానాలకు వయసుతో పని పడలేదు. 1986లో అమెరికా ఫెడరల్ అప్పీళ్ల కోర్టు, వర్జీనియా జైల్లోని ఒక ఖైదీ కేసులో విక్కా మతమేనని అంది. ఆయన క్రతువు కోసం అడిగిన సామగ్రి జాబితాలో తెల్ల అంగీ, సముద్రపు ఉప్పు, కొవ్వొత్తులు, ధూపంతో పాటు ఒక కిచెన్ టైమర్ కూడా ఉంది, ధ్యానంలోంచి లేపడానికి. మతం అని ఒప్పుకున్న కోర్టు, జైలు భద్రత పేరుతో సామాన్లు మాత్రం ఇవ్వలేదు. చనిపోయిన సైనికుల సమాధుల మీద విక్కా చిహ్నమైన అయిదు కోణాల నక్షత్రానికి అమెరికా ప్రభుత్వం 2007లో అనుమతి ఇచ్చింది. ఇంగ్లండ్, వేల్స్ జనగణనలో తమ మతం విక్కా అని రాసుకున్నవాళ్లు 2011లో 11,766 మంది, 2021లో సుమారు 13 వేలు. మన దేశంలో కోల్‌కతాకు చెందిన ఇప్సితా రాయ్ చక్రవర్తి 1980ల్లోనే తాను విక్కన్‌నని బహిరంగంగా చెప్పుకుంది.

ఒక్కరే చేసుకునే పౌర్ణమి, రీళ్ల పౌర్ణమి

దీక్ష లేనిదే విక్కా లేదన్నది పాత కవెన్ల మాట. 1988లో స్కాట్ కనింగ్‌హామ్ ఒక్కరే చేసుకునేవాళ్ల కోసం రాసిన పుస్తకంతో ఆ తలుపు బార్లా తెరుచుకుంది. కిటికీ దగ్గర కొవ్వొత్తి, పావుగంట ధ్యానం, నోటు పుస్తకంలో నాలుగు ముక్కలు. ఆ పుస్తకాన్ని 'బుక్ ఆఫ్ షాడోస్' అంటారు, పేరు గంభీరంగా ఉంటుంది గానీ చాలామందికి అది అమ్మ చేతిరాత వంటల డైరీ లాంటిదే.

వెన్నెట్లో పెట్టి తాగే 'మూన్ వాటర్' గార్డ్‌నర్ క్రతువులో లేదు. ఎక్కువగా కొత్త కాలపు అలవాటు. విక్కాతో సంబంధం లేనివాళ్లు కూడా చేస్తున్నారు. 2020 జులైలో టిక్‌టాక్‌లో కొత్తగా మొదలుపెట్టిన కొందరు చంద్రుడికే శాపం పెట్టారన్న పుకారు లేచి, పాత తరం విక్కా వాళ్లు తలలు పట్టుకున్నారు. సీసాలో నీళ్లు పెట్టడంలో ప్రమాదం లేదు. అందులో రంగురాళ్లు వేయడంలో ఉంది. ముఖ్యంగా మలకైట్, అది రాగి ఖనిజం.

మనకు దగ్గరగా తగిలే గొడవ ఒకటుంది. పాశ్చాత్య చంద్ర క్రతువుల్లో దేవతల పేర్లు వరసపెట్టి పిలిచేటప్పుడు ఈజిప్టు దేవత ఐసిస్, డయానా, హెకటీల పక్కన కాళి పేరు కూడా వినబడుతుంది. దేవతలందరూ ఒకే దేవి రూపాలు కాబట్టి తప్పేమిటని వాళ్లు. అమ్మవారిని ఆమె గుడి, కథ, నైవేద్యం ఏమీ లేకుండా పేరు మాత్రం తీసుకెళ్లడం ఏమిటని హిందువుల్లో కొందరు. అమ్మ ఎవరు పిలిస్తే వారికి పలుకుతుందని ఇంకొందరు. విక్కా వాళ్లలోనూ దీనిమీద చర్చ ఉంది, పరిచయం లేని దేవతను పిలవొద్దని గట్టిగా చెప్పే కవెన్లున్నాయి.

ఇంకో తేడా నాకు మొదట్లో తట్టలేదు, మా చెల్లెలే చెప్పింది. ఆ రాత్రి తను వెళ్లింది. వైన్ తాగలేదు, కేకు తింది. క్రతువయ్యాక ఒక్కొక్కరూ చంద్రుణ్ణి తమ భాషలో పలకరించమన్నారట. తను చేతులు జోడించి "చందమామా" అంది. అంటే దేవి పేరా అని పక్కింటావిడ ఆసక్తిగా అడిగింది. కాదు, మా అమ్మ తమ్ముడు అని చెప్పింది చెల్లెలు. లక్ష్మీదేవీ చంద్రుడూ పాలసముద్రంలోంచి ఒకే రోజు పుట్టారు, లక్ష్మి మాకు అమ్మ, కాబట్టి ఈయన మేనమామ అని వివరించింది. ఆవిడ కాసేపు ఆకాశంలోకి చూసి, లోపలికెళ్లి తన నోటు పుస్తకం తెచ్చుకుని, కొవ్వొత్తి వెలుగులో అందులో ఏదో రాసుకుందట. వంగి చూస్తే ఒకటే లైను: "ఇండియాలో ఈమె అంకుల్."